విమానానికి గోలీల షీటు అద్దం

ఇయ్యాల ముక్కలు అతికించి చేసే ప్లాస్టిక్ విమానం కిట్టు విప్పి గమ్ము మూత తియ్యంగనే, ఆ వాసనకు పటాన్‌చెరుల మా చిన్నప్పటి కిరాయి ఇల్లు యాదికొచ్చింది. మన ఈడోళ్లకు ఎరికే, గప్పుడు గసొంటి కిట్టు దొరుకుడే కష్టం. మామ తెచ్చిన యుద్ధ విమానానికి నేను గమ్ము ఎక్కువ పెట్టిన. ఆ గమ్ము ఆవిరికి పైలట్ మీది ప్లాస్టిక్ అద్దం పాల లెక్క తెల్లగైంది.

"గీయనకు తొవ్వ ఎట్ల కనవడ్తది?" అని ఏడ్సిన.

అమ్మ మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేస్తుండె. పక్కకు పడేసిన ఖాళీ క్యాప్సూళ్ల షీటు తెచ్చి, అండ్ల పొడుగు బుడ్డను కత్తెరతోని కోసి అద్దం జాగల పెట్టింది.

"ఇగ జరమొచ్చినా ఫికర్ లేదు నీ పైలట్‌కు" అన్నది.

ఈ కొత్త కిట్టుల అద్దం మస్తు సాఫుగున్నది. దాన్ని డబ్బాలనే ఉంచిన. అమ్మ ఏసుకునే క్యాప్సూళ్ల షీటుల ఇంక రెండే మిగిలినయి. అయ్యేదాక ఆగుతున్న.