రాసినవాళ్ళే తుడవాలి

చేతిలో సుద్దముక్క ఉన్నంతసేపు సంపూర్ణమ్మ టీచరుకి ధైర్యానికి కొదవలేదు. అది బల్లమీద పెట్టిందంటే మాత్రం ఆవిడంత పిరికి మనిషి ఆ చుట్టుపక్కల నాలుగూళ్ళలో లేదు. ఈ సంగతి ఆవిడకన్నా ముందు పిల్లలకి తెలుసు.

చల్లపల్లి నుంచి కాలవగట్టున రెండు మైళ్ళు నడిస్తే వచ్చే మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో ఆవిడ ఏడేళ్ళుగా ఐదో తరగతి చెబుతోంది. ఆ ఏడేళ్ళూ టెంపరరీయే. ఏటా జూన్ వచ్చేసరికి తన ఉద్యోగం ఉందో ఊడిందో హెడ్మాస్టరు శౌరయ్య గారి మొహం చూసి తెలుసుకోవాలి. పర్మనెంటు కావాలంటే తనిఖీకి వచ్చే ఇన్స్పెక్టరు గారు విజిట్ బుక్కులో ఒక్క మంచి ముక్క రాయాలి. ఏడు తనిఖీలయ్యాయి. ఏడుసార్లూ దవడలు నొప్పెట్టేదాకా నవ్వుతూ నిలబడింది. ఆ ముక్క మాత్రం రాలేదు.

పిల్లల చేత రాయించడంలో శౌరయ్య గారిది ఒకటే పద్ధతి. బోర్డుమీద ‘ఆవు’ వ్యాసం రాయాలి, పిల్లలు దాన్ని ఎక్కించుకుని బట్టీ పట్టాలి, ఎప్పుడడిగితే అప్పుడు అప్పజెప్పాలి. సంపూర్ణమ్మకి ఆ ఆవంటే తగని చిరాకు. అందుకని శనివారం ఆఖరి గంటలో తలుపు కాస్త దగ్గరికి వేసి, “మీరు చూసింది రాయండర్రా, ఆవు తప్ప” అనేది. ఆ ఏడు కాగితం కరువు. నోటుపుస్తకాలు దొరక్క ఐదో తరగతివాళ్ళు కూడా పలకలు పట్టుకునే వచ్చేవారు. ఆ పలకల మీద ఏమేం వచ్చేవో! “మా నాన్న కాలవలో చెప్పు పోగొట్టుకుని కుక్క ఎత్తుకుపోయిందని అమ్మకి చెప్పాడు” అని ఆమోసు అనే కుర్రాడు రాస్తే, సంపూర్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ గంటకి ఒక్కటే నియమం. రాసినవాళ్ళే తుడవాలి. పక్కవాడి పలకమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. టీచరైనా సరే.

డెబ్భైనాలుగు ఫిబ్రవరిలో తనిఖీ కబురొచ్చింది. తనిఖీ అంటే భోజనం, భోజనం అంటే కోడి. ఆ కోడి వంతులవారీగా ఒక్కో పిల్లాడింటి నుంచి రావాలని ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు గాని, ఉన్న రూల్సన్నిటికన్నా శ్రద్ధగా జరిగేది మాత్రం అదే.

“ఈసారి వంతు కళాయి లాల్ అహ్మద్‌ది. వాళ్ళ నఫీసా నీ క్లాసేగా! పొద్దున్నే వెళ్ళి నువ్వే పట్టుకురా,” అన్నారు శౌరయ్య గారు.

“నేనాండీ?”

“మరి నేనా? పర్మనెంటు కావాల్సింది ఎవరమ్మా?”

తనిఖీ రోజు సంపూర్ణమ్మ తెల్లారేసరికి మూతబుట్ట పట్టుకుని లాల్ అహ్మద్ ఇంటికి వెళ్ళింది. ఆయన గిన్నెలకి కళాయి పూయడానికి చల్లపల్లి పోయాడు. వాళ్ళావిడ సాలేహా గంప ఎత్తి చుక్కల పెట్టని తీసిచ్చింది. గుడ్లు పెట్టే పెట్ట. నఫీసా గడపలో కూర్చుని చూస్తోంది.

“వచ్చే నెలలో రెండు కోడిపిల్లల్ని ఇస్తానమ్మా,” అంది సంపూర్ణమ్మ.

“దానికి జొన్నలంటే ఇష్టమండి,” అంది నఫీసా. సంపూర్ణమ్మ బుట్ట మూత వేసుకుని గట్టెక్కేసింది.

పొద్దుటి పూట తనిఖీ బాగానే నడిచింది. ముప్ఫైమంది ముప్ఫై ఆవులు రాశారు. ఇన్స్పెక్టరు గారు పది పలకలు చూశారు. అన్నిటిమీదా ‘ఆవు సాధుజంతువు’. పదకొండోది ముట్టుకోకుండా శౌరయ్య గారి వంక అదోలా చూసి, “సరే, మధ్యాహ్నం చూద్దాం,” అని భోజనానికి లేచారు.

భోంచేసి, చీపురుపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ మళ్ళీ ఐదో తరగతిలోకే వచ్చారు. కుర్చీలో వెనక్కి వాలారు.

“ఒరే పిల్లలూ, ఆవుని ఇంక కట్టెయ్యండి. ఇవాళ పొద్దున లేచింది మొదలు మీరేం చూశారో అది రాయండి.”

సంపూర్ణమ్మ ఏడేళ్ళుగా ఎవరన్నా ఈ మాట అంటారేమోనని చూస్తోంది. పిల్లలు తలలు వంచుకుని బలపాలు కిర్రు కిర్రుమనిపిస్తుంటే, మంచి ముక్క ఈసారి తప్పదనుకుంది. అనుకుంటూ వరసల మధ్య నడిచి, నఫీసా దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

పలకమీద గుండ్రటి అక్షరాలు. “పొద్దున్నే మా టీచరు గారు వచ్చి మా చుక్కల పెట్టని బుట్టలో పెట్టుకుపోయారు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. ఇన్స్పెక్టరు గారు”

ఆపైన ఏముంటుందో ఆవిడకి తెలుసు. ఇన్స్పెక్టరు గారి కుర్చీ కిర్రుమంది. లేస్తున్నారు. శౌరయ్య గారు గుమ్మంలో నిలబడి కళ్ళతోనే, ఏమిటన్నట్టు చూశారు. అటు కుర్చీ, ఇటు గుమ్మం. నిలుచున్న చోట నేల చీలితే బాగుండునని రోజూ ఎంతమంది అనుకోరు? ఆవిడా అనుకుంది. నేల చీలలేదు. ఒత్తు సరిదిద్దుతున్నదానిలా వంగి, పైటకొంగు ఉండచేసి, మూడు పంక్తులూ ఒక్క ఊపులో తుడిచేసింది.

నఫీసా తలెత్తి చూసింది. ఏడవలేదు. బలపం నాలిక మీద తడిచేసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

ఇన్స్పెక్టరు గారు ముందు వరసలన్నీ చూసుకుంటూ వచ్చి, చివరికి ఆ పలకే అందుకున్నారు. పైకే చదివారు.

“మా పెట్ట గురించి రాశాను. టీచరు గారు కొంగుతో తుడిచేశారు. రాసినవాళ్ళే తుడవాలని ఆవిడే చెప్పారు.” ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. “ఏ పెట్టమ్మా?”

“మా చుక్కల పెట్టండి.”

“ఏమైంది దానికి?”

“మీరు తిన్నారు కదండీ.”

ఆయన చేతిలో చీపురుపుల్ల ఎప్పుడు కిందపడిందో ఎవరూ చూడలేదు. ఆయన సంపూర్ణమ్మ వైపు తిరిగారు.

“తుడిచారా టీచరు గారూ?”

కొంగు తెల్లగా ఉంది. దాచుకుందామన్నా చేతులు రాలేదు. “తుడిచానండి.”

ఆయన విజిట్ బుక్కు తెప్పించుకుని నాలుగు పంక్తులు రాసి, మూడున్నర బస్సుకే బెజవాడ వెళ్ళిపోయారు. కాఫీ కూడా ముట్టుకోలేదు.

“ఐదో తరగతి పిల్లలు చూసింది చూసినట్టు రాయగలరు. ఉపాధ్యాయురాలు పిల్లల రాతలు తుడవరాదు. పర్మనెంటు విషయం వచ్చే తనిఖీలో పరిశీలించవచ్చు.” శౌరయ్య గారు అది మూడుసార్లు చదివారు. కోడి సంగతి ఎక్కడా లేదని నమ్మకం కుదిరాక గాని ఆయనకి కోపం రాలేదు.

“తుడిచినదానివి పలక తీసేసుకోవద్దూ? దాని చేతిలో మళ్ళీ పెట్టి వస్తావా?”

“దాని పలకేనండి...”

“చాలు! చూసిందీ, విన్నదీ ఇంక బంద్. వచ్చే తనిఖీదాకా ఈ స్కూల్లో ఆవు తప్ప ఇంకో ముక్క కనబడిందా, జూన్‌లో నీ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చుంటారు.”

వచ్చే ఏడూ టెంపరరీయేనన్నమాట. అదీ నోరు కట్టుకుంటేనే. సంపూర్ణమ్మ ఇంటికెళ్ళి కొంగు రెండుసార్లు జాడించింది.

మర్నాడు తన పెంపుడు పిల్లకోళ్ళలో రెంటిని సాలేహాకి ఇచ్చి వచ్చింది. నెల ఆగమన్నది తనే అయినా ఆగలేకపోయింది. సాలేహా, “అయ్యో, ఎందుకండీ,” అంటూ తీసుకుంది. క్లాసులో మాత్రం పని అంత తేలిగ్గా కాలేదు. పిల్లలు ఆవు రాస్తున్నారు. నఫీసా ఎడమచెయ్యి పలకకి అడ్డంపెట్టి, మొహం దాంట్లో దూర్చి రాస్తోంది. టీచరు ఆ వరసలోకి రాగానే పలక గుండెకి హత్తుకుంది.

ఆవే కదా రాస్తోంది! ఆవుని కూడా దాస్తోంది.

సంపూర్ణమ్మ బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆవు వ్యాసం మొత్తం డస్టరుతో తుడిచేసింది. అది తను రాసిందే గనక ఎవరికీ అభ్యంతరం లేదు. సుద్దముక్క తీసుకుని పెద్దపెద్ద అక్షరాలతో రాసింది.

“నిన్న నేను నఫీసా పలక తుడిచాను. అది నిజమే రాసింది. నాకు ఉద్యోగం పోతుందని భయం వేసింది.”

రాసి, డస్టరు నఫీసా ముందు పెట్టింది. “రా తల్లీ. ఇవాళ నువ్వు నాది తుడువు. చెల్లుకి చెల్లు.”

నఫీసా బోర్డు రెండుసార్లు చదువుకుంది. డస్టరు ముట్టుకోలేదు.

“నేను తుడవకూడదండి. రాసినవాళ్ళే తుడవాలి.”

సరిగ్గా అప్పుడే వరండాలో చెప్పుల చప్పుడు. టకా టకా. శౌరయ్య గారివే. మూడో తరగతి దాటాయి. నాలుగో తరగతి దగ్గర ఆగి ఎవరినో కసిరి మళ్ళీ బయల్దేరాయి. ముప్ఫైమంది కళ్ళూ సంపూర్ణమ్మ చేతిమీదే ఉన్నాయి. డస్టరు బెంచీమీద, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది.

ఆవిడ డస్టరు తీసుకుంది. రెండడుగులు బోర్డువైపు వేసింది. నఫీసా చెయ్యి మళ్ళీ మెల్లగా పలకమీదికి పాకుతోంది.

సంపూర్ణమ్మ బల్ల సొరుగు లాగి, డస్టరు అందులో పడేసి మూసింది. సుద్దముక్క మాత్రం చేతిలోనే ఉంచుకుంది. చెప్పులు గుమ్మం దగ్గరికి వచ్చి ఆగాయి.