నలభై ఇళ్ళలో నా చావు కబురు

నా చావు కబురు నేను నెత్తిన చేపల గంపతో నడివీధిలో విన్నాను. నవ్వకండి, నిజం. జబ్బు చేసి కాదు, గోదాట్లో పడీ కాదు. లోకాన్ని బాగుచేద్దామని బయలుదేరి చచ్చాను. ఎలాగో చెబుతాను, వినండి.

మూడేళ్ళ కిందట ధవళేశ్వరంలో మా డ్వాక్రా మీటింగుకి కాలేజీ మేడంగారొకరు వచ్చారు. "మీరు ఫోన్‌లో పంపే ప్రతి బొమ్మా ఎక్కడో పెద్ద మేడల్లో, కంప్యూటర్లలో దాచి ఉంటుందండి. వాటికి ఇరవైనాలుగు గంటలూ కరెంటు కావాలి, చల్లదనం కావాలి. ఆ కరెంటుకి బొగ్గు కాలాలి, పొగ లేవాలి. బొమ్మ ఒక్కటే చూడకండి, దాని వెనకా ముందూ ఉన్న గొలుసంతా చూడండి. చూసింది కథలా నలుగురికీ చెప్పండి" అన్నారు.

నాకు చెయ్యెత్తే అలవాటు లేదు, గొంతెత్తడమే. "అంటే మేడంగారండీ, ఎవరూ తినని చేపని ఏళ్ళ తరబడి దాచి, కరిగినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ ఐసు కొట్టించినట్టా అండీ?"

ఆవిడ గంతేసినంత పని చేశారు. "అదేనండి సత్తెమ్మగారూ! ఇంత బాగా నేను కూడా చెప్పలేను. ఊరికి మీరే చెప్పాలి!"

అంతే, నా బుర్ర తిరిగిపోయింది. నన్ను 'గారూ' అని పిలిచిన మొదటి మనిషి ఆవిడే మరి. పోయిన మా ఆయన, ఉన్నన్నాళ్ళూ 'ఒసే' తోనే సరిపెట్టాడు.

మర్నాటి నుంచి చేపలతోపాటు కథ కూడా అమ్మాను. "అమ్మగారండీ, మీ ఫోన్ నిండా కుళ్ళిన చేపలే!" అంటే, "ఛీ, వంటింటి గుమ్మంలో ఏం మాటలు సత్తెమ్మా!" అని ముక్కు మూసుకుంటూనే పాత బొమ్మలన్నీ తుడిచేశారు, రోజూ నా దగ్గర చేపలు కొనే పద్మావతమ్మగారు. ఆవిడని చూసి వీధి వీధంతా తుడిచింది. నాకు రెక్కలొచ్చాయి.

అప్పుడు నా వంతు వచ్చింది. రోజూ పొద్దున్నే రేవులో గంప నిండగానే నేను చేపలిచ్చే నలభై ఇళ్ళకీ ఫోన్‌లో గులాబీ పువ్వు బొమ్మ పంపడం నాకు అలవాటు. మానేశాను. మానేస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఇంకో మెసేజీ కావాలి కదా, అది మాత్రం దండగ కాదా! చూశారా నా తెలివి? పైగా ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో పాతరేశాను.

సరిగ్గా అప్పుడే రెండు రోజులు ముసురు పట్టింది. పడవలు కదలలేదు, నేనూ గడప దాటలేదు. మూడోనాడు తెరిపిచ్చింది. చీకటితోనే రేవుకి పరిగెత్తి, చేతిలో ఉన్నదంతా పెట్టి గంపెడు పండుగప్పలు కొన్నాను. మధ్యాహ్నం లోపు అమ్మకపోతే మెత్తబడిపోయే సరుకు. వీధిలోకి వచ్చి కేక పెట్టాను.

పద్మావతమ్మగారు గేటు తీశారు. నన్ను చూశారు. గేటు వేసేశారు.

"అమ్మగారండీ, పండుగప్పలండీ!"

"ఎవరూ?" గేటు వెనక గొంతు వణికింది.

"సత్తెమ్మనండి."

"సత్తెమ్మ చచ్చిపోయింది!"

"ఆయ్, నాకెవరూ చెప్పలేదండీ!"

సందులోంచి నా కాళ్ళ వైపు చూశారు, తిన్నగా ఉన్నాయో వెనక్కి తిరిగాయో అని. తిన్నగానే ఉన్నాయని తేలాక గేటు తీసి, తన ఫోన్ నా మొహం ముందు పెట్టారు. చదువు రాకపోయినా, నా ఫోటో పక్కన వెలుగుతున్న దీపం చూస్తే అర్థం కాదా?

"పువ్వు వస్తే సత్తెమ్మ రేవు నుంచి బయలుదేరిందని మేం పులుసుకి చింతపండు నానేసుకునేవాళ్ళం. మూడు రోజులు పువ్వు లేదు, ఫోన్ లేదు. ఇవాళ పొద్దున్న మనిషిని పంపితే నీ ఇంటికి తాళం! ఒకళ్ళు 'ఏమైందో' అన్నారు, ఇంకొకళ్ళు 'పోయిందేమో' అన్నారు, మూడోవాళ్ళు దీపం పెట్టేశారు."

నలభై ఇళ్ళ వాళ్ళూ దణ్ణాలు పంపారు, ఏడుపు మొహాలు పంపారు, పాటతో వీడియో కూడా చేశారు. నేను పదేళ్ళు పంపినా అన్ని పువ్వులు కావు! నా చావుకి ఎన్ని బొగ్గు బస్తాలు తగలడ్డాయో ఆ మేడంగారే చెప్పాలి.

"సరే, బతికే ఉన్నాను కదండీ, రెండు చేపలు తీసుకోండి."

"ఎలా తీసుకోను? నీ మీద గౌరవంతో వీధంతా ఇవాళ నీచు మానేశాం. పప్పుచారు కాచేశాం!"

మనిషి పోతే చేపల వ్యాపారం ఆగుతుందని తెలుసు గానీ, చేపలమ్మే మనిషే చచ్చి తన బేరం తనే పాడుచేసుకోవడం ఎక్కడైనా విన్నారా? గంప దించాను. ఎండెక్కుతోంది. చేపల కళ్ళు మసకబారుతున్నాయి, నా కళ్ళూ మసకబారుతున్నాయి.

"నోటితో ఒక్క ముక్క చెప్పు, నేను పంపుతాను" అన్నారు పద్మావతమ్మగారు.

సిద్ధాంతమా, పండుగప్పా? పండుగప్పే గెలిచింది. ఫోన్ దగ్గరికి వంగి అరిచాను: "నేను సత్తెమ్మనండి! చావలేదండి! చేపలు చచ్చాయి గానీ తాజాగా ఉన్నాయండి!"

అరగంటలో వీధి నిండిపోయింది. చచ్చి లేచిన మనిషి చేతి చేప మంచిదని మండపేట నుంచి కూడా ఎవరో బండి మీద వచ్చారు. పన్నెండు లోపు గంప ఖాళీ.

సాయంత్రం సంగతి విని వచ్చిన మేడంగారు కడుపు పట్టుకుని నవ్వారు. "గొలుసంతా చూడమన్నాను సత్తెమ్మగారూ! మీ పువ్వుకి అటు చివర నలభై వంటిళ్ళున్నాయి, అవి చూడలేదు మీరు."

ఇప్పుడు పువ్వులు లేవు. రోజుకొక్క ముక్క, ఫోన్‌లో నోటితో: "పండుగప్ప" అనో, "రొయ్య" అనో. దాన్ని కూడా సాయంత్రానికి తుడిచేస్తారు.

ఇక గోదారమ్మ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను, వినండి. ఈసారి చావాల్సి వస్తే చెప్పాపెట్టకుండా చావను. ముందురోజే నలభై గుమ్మాలకీ కాళ్ళతో నడిచి వెళ్ళి, "రేపు పప్పుచారు కాచుకోండమ్మా" అని నా నోటితో నేనే చెప్పి వస్తాను. దీపం బొమ్మ మాత్రం ఎవరూ పెట్టకూడదు.