ఎలుగుల పక్షాన ఆడిన మేస్టారు

మా ఎదురింటి డ్రాయింగు మేస్టారు పోయారు. బుధవారం తెల్లవారాక ఆయన భార్య రోడ్డు దాటి వచ్చి, గేటు తీయకుండా అక్కడే నిలబడి, "వదినా, మీ తమ్ముడు లేరు" అంది. తోడబుట్టిన తమ్ముడు కాదు. ముప్పై ఏళ్ళు ఒకే బడిలో పనిచేసి, నన్ను "అప్పా", అంటే అక్కా, అని పిలిచీ పిలిచీ తమ్ముడైపోయిన మనిషి. నా నోట వచ్చిన మొదటి మాట, "ఇవాళ సాయంత్రం ఆట ఉంది కదా" అని. చదువుకున్నదాన్ని, డెబ్బై దాటినదాన్ని, చావు కబురుకి ఇచ్చిన జవాబు అది. ఆవిడ తప్పు పట్టలేదు. "ఔను వదినా. రాత్రే బల్ల తుడిసి ఉంచారు" అంది.

ఇది చదివేవాళ్ళలో ఆయన దగ్గర మామిడికాయ గీయడం నేర్చుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. గీసింది వంకాయలా వచ్చినా ఆయన కోప్పడేవారు కాదు. "మంచి వంకాయ" అని మార్కులు వేసేవారు. పక్క గదిలో లెక్కలు చెప్పే నేను అలా వేసి ఉంటే ఉద్యోగం ఊడేది. బడిలో ఉన్నన్నాళ్ళు మా ఇద్దరికీ పిలుపే తప్ప పొత్తు కుదరలేదు. రిటైరయ్యాక కుదిరింది, అదీ యుద్ధంలో.

విశాఖపట్నంలో ఉద్యోగం చేసే ఆయన అన్నకూతురు ఒక సెలవుల్లో పెట్టె ఒకటి తెచ్చింది. నిండా బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మలు. కుందేళ్ళకి కత్తులు, ఎలుకలకి డాళ్ళు, ఒక కప్పకి గొడ్డలి. ఇద్దరు ఆటగాళ్ళు చెరో ముఠాని బల్ల మీద నిలబెట్టి, కొలిచి నడిపించి, పాచికలు వేసి కొట్లాడించాలి. చదరంగంలా గళ్ళుండవు. మేస్టారు ఒక్కో బొమ్మనీ కళ్ళద్దాల దగ్గరగా పెట్టుకుని చూసి, చారల మొహం ఉన్న ఒకదాన్ని పక్కన పెట్టారు. "ఇదేటి జంతువో నానెరగను. ఎరగనోడి సేత యుద్ధం ఎలా సేయించడం?" అన్నారు. పెట్టె విశాఖకి తిరిగి వెళ్ళిపోయింది. ఆట మాత్రం ఆయన దగ్గర ఉండిపోయింది.

తుఫానుకి కూలిన జీడిచెట్ల కొమ్మలు వజ్రపుకొత్తూరు వైపున్న సొంతూరి నుంచి తెప్పించుకుని, ఎరిగిన జంతువులని చెక్కడం మొదలుపెట్టారు. ఆరు ఎలుగులు, ఆరు నక్కలు. లుంగీ ఎగ్గట్టిన ఎలుగు, గునపం మోసే ఎలుగు, తుండుగుడ్డ తలకి చుట్టిన పెద్దెలుగు. నక్కల్లో ఒకదానికి గొడుగు, చేతిసంచీ, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు. "ఇదెవరు?" అని అడిగాను. "నక్క" అన్నారు, తలెత్తకుండా. ఎలుగులు తనవనీ, నక్కలు నావనీ కూడా ఆయనే నిర్ణయించారు.

మా ఉద్దానం తోటల్లో ఎలుగు నవ్వులాట వస్తువు కాదు. జీడిపిక్కలేరడానికి పొద్దున్నే జీడితోటకి వెళ్ళి ఒళ్ళు చీరించుకుని వచ్చినవాళ్ళని నేనెరుగుదును. దానికి లుంగీ కడతావా అని నిలదీశాను. "తోటలో కనబడితే పరిగెట్టాల. బల్ల మీదైతే మన మాటింటాది, అప్పా. బతుకులో ఒక్క సోటన్నా ఎలుగు మన మాట ఇనాల" అన్నారు.

నియమాలు ఆయన రాశారు, అందులో లెక్కల తప్పులు నేను దిద్దాను. బల్ల నడుమ చెక్క పనసపండు. దాన్ని తన అంచుకి చేర్చుకున్న ముఠాది గెలుపు, మోస్తున్నది మధ్యలో పడిపోతే ఎదుటి ముఠాది. కొబ్బరి చిప్పలు కొండలు, కొబ్బరి పీచు తుప్పలు. కొలతకి జానెడు పొడవున విరిచిన కొబ్బరి ఈనెపుల్లలు. నక్క ఒక ఈనె దూరం నడుస్తుంది, ఎలుగు అందులో సగం. ఈనె కొస శత్రువుని తాకితేనే పాచిక వేసి కొట్టొచ్చు. పడిపోయిన బొమ్మని గెలిచినవాళ్ళు ముట్టకూడదు. ఎవరిదో వాళ్ళే తమ చేత్తో పక్కకి ఒరిగించాలి. "మనోడ్ని మనమే పడుకోబెట్టుకోవాల" అనేవారు.

పురుగు పట్టకుండా ఉంటుందని మొదటి దండుకి ఆయన జీడితొక్కల నూనె పట్టించారు. బల్లెడు కొబ్బరిచిప్పల మధ్య నిగనిగలాడుతూ నిలబడ్డాయి. రెండు రోజులు ఆడాం. మూడోరోజుకి ఇద్దరి వేళ్ళూ నల్లబడి బొబ్బలెక్కాయి. పెళ్ళికి ముందు జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టిన ఆయన భార్య మా చేతులు ఒక్కసారి చూసి, "జీడిపిక్కల ఊర్లో పుట్టారు, ఒకరు లెక్కలు, ఒకరు బొమ్మలు సెప్పారు. బూడిద రాసుకోకుండా జీడినూనె ముట్టకూడదని తెలీదేటి?" అని ఆముదం సీసా మా ముందు పెట్టింది. ఆ రోజు ఇద్దరం పిల్లల్లా చేతులు చాపుకుని కూర్చున్నాం.

తర్వాత, మా వైపు ఎన్నో ఇళ్ళ తలుపు తట్టిన జబ్బు ఆ ఇంటికీ వచ్చింది. కిడ్నీలు. వారానికి మూడుసార్లు డయాలసిస్. తాగే నీళ్ళు చిన్న గ్లాసుతో కొలత. దానికన్నా ఆయన్ని ఎక్కువ బాధించింది మనుషుల తీరు. చర్చిలో ఆయన రాగానే ముందు బెంచీలో ఎవరో ఒకరు లేచి చోటిచ్చేవారు. టీకొట్టు దగ్గర ఆయన్ని చూస్తే మాటల గొంతు తగ్గేది. కొబ్బరి బోండాల బండివాడు, డయాలసిస్ మనిషికి ఆ నీళ్ళు కూడవని, ఆయన వస్తుంటే బోండాల మీద గోనె కప్పేసేవాడు. "నన్ను సూసి కొబ్బరికాయలు కూడా దాక్కుంటన్నాయప్పా" అని నవ్వారు. ఆ నవ్వు బాగులేదు.

అప్పుడు నేనొక తప్పు చేశాను. ఒకరోజు డయాలసిస్ మర్నాడు ఆడుతున్నాం. పాచికలు ఆయన వేళ్ళలోంచి జారి కింద పడుతున్నాయి. పెద్దెలుగు పనసపండుతో అంచు దగ్గరికి వచ్చింది. నా నక్క ఈనె దానికి అందుతుంది, ఒక్క ఎత్తుతో ఆట నాది. నేను ఈనెని వేలెడు ఇవతలే ఆపేసి, "అందలేదు" అన్నాను.

ఆయన ఈనె తీసుకుని తానే పెట్టారు. తాకింది.

"ముప్పై ఏళ్ళు లెక్కలు సెప్పిన మనిసివి. ఈనె పొడుగు నీకు తెలీదా?"

"కళ్ళు సరిగ్గా కనబడలేదు."

"కళ్ళు కాదప్పా. నన్ను సూసి నీ సెయ్యి ఆగింది." ఎలుగుల్ని ఒక్కొక్కటీ సంచీలో వేసుకున్నారు. "ఊరంతా నన్ను పాపం అంటంది. పాపం అననిది నువ్వొక్కర్తివే. నువ్వూ అంటే నాకెవులున్నారు?"

రెండు వారాలు ఆయన రోడ్డు దాటలేదు. క్షమాపణ చెప్పడం నాకు అలవాటు లేని విద్య. చివరికి ఒక సాయంత్రం నా నక్కల్ని కొంగులో వేసుకుని వాళ్ళ వరండాకి వెళ్ళి, బల్ల మీద వరసగా నిలబెట్టి, "మేస్టారూ, ఇవాళ నీ పెద్దెలుగుని నేల కరిపిస్తాను. ఏడిస్తే మీ ఆవిడతో చెబుతాను" అన్నాను. ఆయన పెద్దెలుగుని సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టారు. లోపలికి తిరిగి, "ఇదిగో, అప్పొచ్చింది. మాటల్లో కారం తగ్గలేదు, టీలో పంచదార తగ్గించు" అని కేకేశారు.

ఆ తర్వాత ఎప్పుడూ ఈనెపుల్ల దగ్గర నా చెయ్యి ఆగలేదు.

సమాధుల దొడ్డిలో మట్టి వేశాక, మా పాత బడిలో పనిచేసిన ఒకాయన నా పక్కకి వచ్చి, "ఆఖరి ఆటైనా ఆయన్ని గెలవనివ్వాల్సింది మేడమ్" అన్నాడు. అక్కడ జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఆ ఆట సోమవారం జరిగింది, వాళ్ళ వరండాలో. ఆయన కాళ్ళు బాగా వాచి ఉన్నాయి, స్టూలు మీద పెట్టుకుని ఆడారు. పనసపండు మళ్ళీ పెద్దెలుగు చేతిలోనే ఉంది. నా గొడుగు నక్క ఈనె దాన్ని అందుకుందో లేదో వెంట్రుకవాసి తేడా. నేను కొలిచాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, బల్ల మీదకి వంగి, ఈనె కొసని చూశారు. "తాకింది" అని ఆయనే అన్నారు. నాకు ఐదు పడాలి. ఐదు పడింది. తన చేత్తో పెద్దెలుగుని నెమ్మదిగా ఒరిగించి, "పాపిష్టిదానా, అప్పా!" అని ఎంత గట్టిగా నవ్వారంటే, ఆయన భార్య వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

నేను ఇంటికొచ్చి దీపం పెట్టి బయటికి చూసేసరికి ఎదురు వరండాలో లైటు వెలుగుతోంది. ఆయన పెద్దెలుగుని లేపి నిలబెట్టారు, ఓడిపోయిన చోటే. తర్వాత గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, నేను కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. గడ్డం బల్లకి ఆనేంత వంగి, నా నక్కల వెనక నుంచి తన ఎలుగు ఎలా కనబడుతోందో చూస్తూ ఉండిపోయారు.