పిల్లికి ఆగ్నేయం

లెక్క కుదిరితే లోకమంతా కుదిరినట్టేనని నమ్మే వయసు ఒకటుంటుంది. నాకది పెళ్లయిన కొత్తల్లో వచ్చింది, పోవడం మాత్రం బాగా ఆలస్యమైంది. అప్పట్లో వాకాడు వైపు రొయ్యల గుంటలు కొలిచే పని చేసేవాణ్ణి. పొద్దంతా టేపు పట్టుకుని గట్ల మీద తిరగడం, సాయంత్రం ఇంటికొచ్చి అట్ట ఊడిన పాత వాస్తు పుస్తకం ముందేసుకుని ఆయాలు కట్టడం. (ఆయమంటే భయపడాల్సిందేమీ లేదు. పొడవును వెడల్పుతో గుణించి ఎనిమిదితో భాగిస్తే, మిగిలినదాన్ని బట్టి మంచీ చెడూ చెబుతారు.) నాకు నేర్పినవాళ్లెవరూ లేరు. సొంతంగా నేర్చుకోవడంలో ఒక సుఖముంది, తప్పు చేస్తే పట్టుకునేవాళ్లుండరు.

మా ఆవిడ పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఇంటి పిల్ల, నాకు మేనమామ కూతురు. కాపురానికొస్తూ ఒక స్టీలు బీరువానూ రెండు పిల్లులనూ వెంటబెట్టుకొచ్చింది. తల్లి పేరు వంజరం, కూన పేరు నెత్తలి, రెండూ చేపల పేర్లే. (మనుషుల పేర్లు రాయడం లేదు గానీ పిల్లులు ఏమీ అనుకోవు.) మేము అద్దెకున్నది ఒక పెద్దావిడ ఇంట్లో. ముందు భాగంలో ఆమె, వెనక రెండు గదుల్లో మేము. పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. ఒకరోజు వాకిట్లో ఆరబోసిన ఆమె వడ్ల మధ్యలో వంజరం తన పని కానిచ్చి, మర్యాదగా ఆ వడ్లతోనే కప్పెట్టి వచ్చింది. పెద్దమ్మ వచ్చి మా గడప అవతల నిలబడింది.

“అబ్బయా, శుక్రవారం దాకా చూస్తా. వాటికి మీ ఇంట్లోనే ఒక చోటు చూపిస్తివా, సరే. లేకుంటే గోనెసంచిలో కట్టి చేపల ఆటోలో ఎక్కిస్తా. యాడ దిగుతాయో వాటి రాత.”

“నన్ను కూడా ఎక్కించు పెద్దమ్మా, మా ఊరు దారిలోనే గదా” అంది మా ఆవిడ.

నవ్వుతూనే అంది. కానీ నేను పనికి పోయాక ఆ ఊళ్లో ఆమె రోజంతా మాట్లాడేది ఆ రెంటితోనేనని నాకు తెలుసు. ఒకసారి తొందరగా ఇంటికొచ్చినప్పుడు, ఈ పూట పులుసు పెట్టేదా వేపుడు చేసేదా అని వంజరాన్ని అడుగుతుంటే గుమ్మం బయట నిలబడి విన్నాను. పిల్లులు పోతే ఆ ఇంట్లో ఇక మాటే వినిపించదని అప్పుడు అర్థమైంది.

ఒక పెట్టెలో ఇసక పోసి మూలన పెట్టండి, పిల్లి పనికి అందులోకే పోతుంది అన్నాడు పశువుల డాక్టరు. ఇంకెవరైనా అయితే దొరికిన టబ్బు తెచ్చి పెట్టేసేవారు. నేను కొలిచాను. బజారులో మా ఆవిడకు నచ్చిన నీలం టబ్బు పద్దెనిమిది అంగుళాల పొడవు, పద్నాలుగు వెడల్పు. గుణించి భాగిస్తే నాలుగు మిగిలింది. నాలుగంటే శ్వానాయం. పిల్లి పెట్టెకు కుక్క ఆయం.

“బాగుండాదే బావా, ఎందుకొద్దంటావు?”

“ఇది కుక్కాయం మే.”

“వంజరానికి చెప్పబాక అయితే.”

నేను ఒప్పుకోలేదు. చివరికి గుంటల దగ్గర రొయ్యలు పోసే పాత ట్రే ఒకటి దొరికింది. ఇరవై ఒకటి, పదిహేను. మూడు మిగిలింది, సింహాయం. వరసకు సింహం పిల్లికి మేనమామే అవుతుంది గనక నా ఆనందానికి అంతు లేదు. ఎంత కడిగినా రొయ్యల వాసన మాత్రం పోలేదు. పిల్లులు రెండూ సగం పూట అందులోనే పడుకుని అంచులు నాకాయి. (ఆయం చెప్పని విషయాలు కొన్ని ఉంటాయి.) చింతపండుతో తోమితే గానీ దాని మీద వాటికి ఆకలి పోలేదు. తర్వాత సముద్రపు ఇసక పోశాను. ఉప్పుకు ఎప్పుడూ చెమ్మగానే ఉండేది, నెత్తలి ఒక కాలు పెట్టి తీసి, అవమానం జరిగినట్టు దులుపుకుంది. ఏటి ఇసక తెచ్చి జల్లించి పోశాక రెండూ శాంతించాయి.

ఇక మిగిలింది మూల. నా పుస్తకంలో ఎనిమిది జంతువులకు ఎనిమిది దిక్కులు చెప్పిన పట్టిక ఉంది. సింహానికి దక్షిణం, ఎలుకకు వాయవ్యం, పిల్లికి ఆగ్నేయం. నిజానికి ఆ పట్టిక రాసింది మనుషుల కోసం. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి చూసుకోవాలి, పిల్లి అక్కడ ఒక గుర్తు మాత్రమే. నేను పిల్లిని పిల్లిగానే తీసుకున్నాను. మా గదులకు రెండు వైపులా పక్కిళ్ల గోడలు, కిటికీ అవతల దట్టంగా చెట్లు, పొద్దు ఎటు పొడిచిందో కనబడేది కాదు. అందుకని దిక్సూచిని బీరువా మీద పెట్టి చూస్తే, పొయ్యి ఉన్న మూలే ఆగ్నేయమని తేలింది. పొయ్యి ఆగ్నేయంలో కాక ఇంకెక్కడుంటుందని నేనూ మారు మాట్లాడకుండా ట్రేను పొయ్యి పక్కన పెట్టాను.

వంజరం అంచు మీద ముందు కాళ్లు ఆనించి పొయ్యిని చూసింది, పక్కనున్న తన పాలగిన్నెను చూసింది, తర్వాత చాలాసేపు నన్ను చూసింది. నేరుగా ముందు గదిలోకి నడిచి, కిటికీ కింద నా పుస్తకాలున్న మూలన పని ముగించింది. మర్నాడూ అక్కడే. తల్లిని చూసి కూన కూడా అక్కడే.

“పోనీ ట్రేను అక్కడే పెట్టకూడదా బావా?”

“ఈశాన్యంలోనా? అక్కడ చీపురు కూడా పెట్టరు.”

“అది చీపురు కాదు గదా.”

శుక్రవారం మధ్యాహ్నం పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే వచ్చింది. సరిగ్గా అప్పుడే వంజరం ఆ మూలన ఉత్త నేలను గీరుతోంది. మా ఆవిడ నా మొహం వంక కూడా చూడకుండా పొయ్యి దగ్గరి ట్రేను ఎత్తుకొచ్చి దాని ముందు పెట్టింది.

వంజరం లోపలికి దిగింది. ఒకచోట వాసన చూసి కాదనుకుంది, ఇంకోచోట చూసి సరేననుకుంది. గుంట తవ్వింది, వంగి లోతు చూసుకుంది. గుంటలు కొలవడమే నా పని. అయినా ఎంత కావాలో అంతే, రవ్వంత కూడా ఎక్కువ తక్కువ కాకుండా తవ్వినవాళ్లను నేను అంతవరకు చూడలేదు. కూర్చుని, కళ్లు సగం మూసి, మాకెవరికీ కనబడని దూరాన్ని చూసింది. లేచి కప్పింది. వాసన చూసింది. చాలదనిపించి అవతలి వైపు నుంచి ఇంకాస్త ఇసక లాగింది. మళ్లీ చూసుకుంది. అప్పుడు కాలు దులిపి, పెద్ద పూజ ముగించిన మనిషిలా మా ముగ్గురి మధ్య నుంచి నడిచిపోయింది. పెద్దమ్మ ముక్కు మీది కొంగు ఎప్పుడు జారిందో నేను చూడలేదు.

“ఇంత శుద్ధి మా ఇంటాయనకు లేదు అబ్బయా” అంది చివరికి. తర్వాత చుట్టూ చూసి, “ఇది ఏ మూల?” అంది.

అబద్ధం చెబితే సరిపోయేది. లెక్కల్లో మాత్రం నాకు అబద్ధం రాదు. “ఈశాన్యం” అన్నాను. మా ఆవిడ కళ్లు మూసుకుంది.

“ఈశాన్యంలో పిల్లి దొడ్డా. నా ఇంట్లోనా” అంది పెద్దమ్మ మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడితేనే భయం. చెమట తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి జరిగి, “ఈడ మాత్రం గాలి బాగుండాదే. సముద్రం గాలి నేరుగా కొడతా ఉండాది” అంది.

సముద్రం మాకు తూర్పున. అది మారేది కాదు. నేను ఉత్తరమనుకున్న గోడ కిటికీలోంచి సముద్రపు గాలి ఎలా వస్తుంది? బీరువా మీది దిక్సూచి తీసుకుని కిటికీ దగ్గరికొచ్చాను. బీరువాకు దూరమయ్యే కొద్దీ ముల్లు మెల్లగా పావువంతు తిరిగి నిలిచింది. ఇన్నాళ్లూ ఇనుము లాగిన వైపే ఉత్తరమనుకుని, ఇంటినంతా తిప్పి కాపురం చేస్తున్నాను. మేం నిలబడ్డ మూల ఆగ్నేయం. (అలాగైతే పొయ్యి నైరుతిలో ఉన్నట్టు. ఆ సంగతి ముగ్గురమూ ఎత్తలేదు.) పుస్తకం తెచ్చి పెద్దమ్మకు ఆ పట్టిక చదివి వినిపించాను.

“అంటే అది దాని మూలకే పొయ్యింది, నువ్వే దారి తప్పినావు.”

“అంతే పెద్దమ్మా.”

“ఉండనీ అయితే. దాని దిక్కు దానికి తెలిసినాక మనమెవరం” అని మా ఆవిడ వైపు తిరిగి, “వడ్ల కాడికి మాత్రం రానీబాక” అంది.

“ఎందుకొస్తది పెద్దమ్మా. దానికిప్పుడు సొంత మూలుండాది, మాకే లేదు” అంది మా ఆవిడ. ఆ సాయంత్రం వంటింట్లోంచి ఆమె మాట ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

ఇప్పుడు నాకు కొంచెం నిజమైన లెక్క కూడా వచ్చింది. ఇంటికి నాలుగు మూలలు, పిల్లి ఏదో ఒకదానికి పోక తప్పదు, నాలుగింట ఒకసారి అది పుస్తకంతో కలవడం వింతేమీ కాదు. తిండికి దూరంగా, గాలి తగిలేచోట, వచ్చేవాళ్లు కనబడే మూలనే ఏ పిల్లైనా ఎంచుకుంటుంది. అన్నీ ఒప్పుకుంటాను. కానీ దిక్సూచి అరచేతిలో పెట్టుకుని, నోరు తెరిచి, ఒక పిల్లి వెళ్లిన దారిని అలాగే చూస్తూ నిలబడిపోయిన ఆ కుర్రాడు గుర్తొస్తే, వాడి లెక్క దిద్దడానికి చెయ్యి రాదు. అలాగే నిలబడనీ పాపం, నాలుగింట ఒకసారే గదా.