క్షవరానికి వచ్చిన తాత

మా అత్తయ్య ఇరవయ్యెనిమిదేళ్ళు కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు బైండు చేసింది గానీ, వాటిలో ఒక్కటి చదివిన పాపాన పోలేదు. బైండరు చదవడం మొదలెడితే ఇక కుట్టేదెవరని అడిగేది. ఆవిడ చదివేదల్లా ఒక ఫారం చివరి మాట, తర్వాతి ఫారం మొదటి మాట. ఫారం అంటే పదహారు పేజీల మడత. అలాంటి మడతలు వరసగా పేర్చి కుడితే పుస్తకం. ఈ చివరి మాటా ఆ మొదటి మాటా అతికాయంటే వరస సరిగ్గా ఉన్నట్టే. లోపల ఎవరు ఎవర్ని పెళ్ళాడారో, ఎవరు ఎవర్ని పొడిచారో ఆవిడకి అనవసరం.

లైబ్రరీ వెనక మెట్ల కింద ఆవిడ గది. ఒక బల్ల, దానికి బిగించిన ఇనప ప్రెస్సు, జిగురు డబ్బా, దబ్బనాలు గుచ్చిన మైనం ముద్ద, దారం కండెలు. ఇన్నేళ్ళలో ఒక్క పేజీ కూడా తారుమారు కాలేదని, లైబ్రేరియన్లు మారినప్పుడల్లా పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పి వెళ్ళేవారు. ఆ మాట చెవినపడ్డ రోజు అత్తయ్య ఇంటికొచ్చి మాకు తనే కాఫీ పెట్టి ఇచ్చేది. మిగతా రోజుల్లో నేను మడిచిన దుప్పట్లు విప్పి, అంచుకి అంచు కలిపి మళ్ళీ మడిచేది. ఇన్నేళ్ళ కాపురంలో నా మడత ఒక్కటి కూడా ఆవిడ దగ్గర పాసవలేదు.

అలాంటి మనిషి ఇటలీ చదువులో పడటానికి కారణం జాలి. ఆ కాలేజీలో సాయంత్రాలు, సాహిత్యం సినిమాల ద్వారా ఆధునిక ఇటలీ గురించి ఒక క్లాసు నడుస్తుంది. పాఠం చెప్పే ఆవిడని అందరూ ఇటలీ టీచరంటారు. ఆవిడ ఇటలీ మొహం ఎన్నడూ చూడలేదు, ఆ భాషా రాదు, ఆ సంగతి మొదటిరోజే చెప్పేస్తుంది. పదిమంది చేరకపోతే క్లాసు ఎత్తేస్తానని కొత్త ప్రిన్సిపాల్ అన్నాడట. తొమ్మిది పేర్లున్న కాయితం పట్టుకుని టీచరు బైండింగ్ గదికొచ్చి, ఏమీ అడక్కుండా దారం కండెల వంక చూస్తూ నిలబడిందట. అత్తయ్య చేతులు తుడుచుకుని పదో పేరు రాసేసింది. స్కూటర్ మీద తీసుకెళ్ళి తీసుకురావలసింది నేనే కాబట్టి, బయట కూర్చుని దోమలు తోలుకోవడం ఎందుకని పదకొండో పేరు నాది రాశాను. పగలంతా కళ్ళద్దాల షాపులో జనం చేత గోడమీది అక్షరాలు చదివించేదాన్ని, సాయంత్రం నేనే చదవాల్సొచ్చింది.

మొదటి నెలంతా సినిమాలే. యుద్ధం అయిపోయిన ఊళ్ళు, పని కోసం గోడవారన నిలబడ్డ మగాళ్ళు, మూడో అంతస్తు కిటికీలోంచి వీధిలో కొడుకుని కేకేసి తిట్టే తల్లులు, కొత్తగా కొన్న ఫ్రిజ్జు చూడటానికి వచ్చిన ఇరుగుపొరుగు. తెర కింద మాటలు అచ్చులో పరిగెడుతుంటే, అత్తయ్య వాటిని వదిలేసి మనుషుల చేతులు చూసేది. చేతులు కట్టేస్తే వీళ్ళకి నోరు పెగలదని తేల్చింది. వారం తిరక్కుండా ఆ జబ్బు ఇంటికొచ్చింది. కూరలో ఉప్పు తక్కువైతే, అయిదు వేళ్ళూ మొగ్గలా ముడిచి నా మొహం ముందు ఊపేది. మా ఆయన కంగారుపడి, వాళ్ళమ్మకి నరాల జబ్బేమోనని డాక్టర్ని కనుక్కొచ్చాడు.

రెండో నెలలో నవల మొదలైంది. దక్షిణాన పల్లె వదిలి, ఉత్తరాన ఫ్యాక్టరీ ఊరికి వలసొచ్చిన ఒక కుటుంబం కథ. మన భాషలోకి ఎప్పుడో అనువాదమై, తర్వాత అచ్చు ఆగిపోయింది. లైబ్రరీలో ఉన్నది ఒకే ఒక్క ప్రతి, మేమంతా దాని జిరాక్సులు చదివేవాళ్ళం. టీచరుకి ఆ నవలంటే ప్రాణం. అందులో ఇంటి పెద్దాయన, లిఫ్టు ఎక్కడానికి భయపడే తాత, ఒక చలికాలం చచ్చిపోతాడు. వానలో పూడ్చిపెట్టి వస్తారు. కోడలు ఆయన టోపీ ఎక్కడ పెట్టాలో తోచక ఫ్రిజ్జు మీద పెడుతుంది. పేజీ తిప్పితే, తాత మంగలి కుర్చీలో కూర్చుని చెవుల వెనక ఇంకాస్త తియ్యమంటూ ఉంటాడు.

టోపీ ఉన్న పేజీ చివర వాక్యం సగంలో తెగిపోతుంది, క్షవరం ఉన్న పేజీ సగం వాక్యంలోంచి మొదలవుతుంది. ఆధునిక ఇటలీ అంటే ఇదేనని టీచరు బోర్డు మీద పొడుగ్గా గీత గీసి, మధ్యలో చెరిపి చూపించేది. పల్లెలోంచి ఒక్కసారిగా ఫ్యాక్టరీలో వచ్చి పడ్డవాళ్ళకి కాలం ఇలాగే తెగుతుందట, పోయినవాళ్ళు ఉన్నవాళ్ళ మధ్యే తిరుగుతుంటారట. ఆ పాఠం ఆవిడ పన్నెండేళ్ళుగా చెబుతోంది. మా క్లాసులో ఒక రిటైరైన సర్వేయరు, నవలలోని కాలానికంతా బాణం గుర్తులతో మ్యాపు గీసుకొచ్చాడు. నేను దాన్ని నోట్సులో దించుకున్నాను కూడా.

అత్తయ్య మాత్రం పాఠాన్ని పట్టించుకోలేదు. ఆ పేజీ చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చింది, సంతోషంతోనే. మా మామయ్య పోయి అప్పటికి ఆరేళ్ళు. పోయినాయన వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడే అని, చూపుడువేలు అదే వాక్యం మీద పెట్టి నాకు రెండుసార్లు చదివి వినిపించింది. మూడోసారి చదువుతూ ఆగిపోయింది. వేలు వెనక పేజీకి వెళ్ళింది, మళ్ళీ ముందు పేజీకి వచ్చింది. చివరి మాట, మొదటి మాట.

మర్నాడు క్లాసుకి ముందే అసలు పుస్తకం తీసి చూసిందట. వెన్ను తడిమితే ముడులు తనవే. వెనకట్ట లోపల పెన్సిలుతో వేసిన తేదీ తన చేతిరాతే. క్లాసయ్యాక స్కూటర్ దగ్గరకి వచ్చింది. ఎక్కమంటే ఎక్కకుండా సీటు పట్టుకుని నిలబడింది.

"అది రచయిత రాసింది కాదే అమ్మాయ్, నేను కుట్టింది," అంది.

ఇంటికెళ్ళేదాకా చెబుతూనే ఉంది. ఆ పుస్తకం ఆవిడ దగ్గరకి వచ్చేసరికి చెదలు మూలలన్నీ తినేసి, పేజీ అంకెలే మిగల్లేదు. అలాంటప్పుడు చెదలు తొలిచిన కన్నం ఒక ఫారంలోంచి ఇంకో ఫారంలోకి ఎలా వెళ్ళిందో చూసి వరస పెట్టేదట. ఆనక మాటలు అతికాయో లేదో చూసుకునేది. ఆ రోజు మాత్రం చూసుకోలేదు. ఆరో ఫారం వెళ్ళి తొమ్మిదో దాని తర్వాత పడింది. ఎందుకు చూడలేదంటే, మధ్యాహ్నం కొడుకు ఫోన్ చేసి, పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయిని సాయంత్రం ఇంటికి తీసుకొస్తున్నానన్నాడు. ఇల్లు సర్దాలని గబగబా కుట్టేసి పరిగెత్తింది. ఆ అమ్మాయిని నేనే. ఒక పరాయి దేశపు రచయిత పుస్తకాన్ని నేను పుట్టింట్లో ఉండగానే పాడుచేశానని ఆ రోజు తెలిసింది.

ఇంతటితో అయిపోతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. ఆ నవలని సినిమాగా తీశారని, దాని కోసం టీచరు ఏళ్ళ తరబడి వెతుకుతోందని మాకు తెలుసు. సరిగ్గా ఆ వారమే అది దొరికింది. శనివారం మధ్యాహ్నం రీడింగ్ రూములో వేస్తారు. ప్రిన్సిపాల్, మిగతా టీచర్లు అందరూ వస్తారు. ముందు అరగంట తెగిన కాలం మీద ఇటలీ టీచరు ఉపన్యాసం. పదిమంది చేరినా, వచ్చే ఏడాది క్లాసు ఉంచాలా తీసెయ్యాలా అన్నది అది విన్నాకే ప్రిన్సిపాల్ చెబుతాడు. ఆపైన దీపాలార్పుతారు, తాత ముందు క్షవరం చేయించుకుని తర్వాత చచ్చిపోతాడు. అప్పుడు ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

నేను నాకు తోచిన సలహా ఇచ్చాను. సినిమావాళ్ళు కథలు మార్చడం మామూలేగా, నోరు మూసుకుని కూర్చుంటే అదే సర్దుకుపోతుందని. రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి, ఇన్నేళ్ళ పేరుని చేతులారా పోగొట్టుకోవడమెందుకని కూడా అన్నాను. అత్తయ్య నా వంక చూసిన చూపుకి నేను దుప్పట్లు మడతపెట్టడానికి లేచి వెళ్ళాను. అబద్ధమెందుకు, నాకు ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. తప్పు చెప్పుకోవడమంటే ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు, అది చూడాల్సొస్తుందని కోపం.

గురువారం సెలవు పెట్టి, పుస్తకం ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద విప్పింది. దారాలు కోసింది గానీ, ఆరో ఫారం చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఏమైందని అడిగాను.

"దీన్ని దీని చోట పెడితే, ఆయనింక రాడు," అంది.

సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. ఆవిడ కుట్టింది.

శుక్రవారం నేనూ వెంట వెళ్ళాను, గుమ్మం దగ్గరే ఆగాను. అత్తయ్య పుస్తకం టీచరు బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. టీచరు పేజీలు తిప్పింది. మంగలి కుర్చీ, ఆ తర్వాత వాన, ఆ తర్వాత టోపీ. వాక్యాలు చక్కగా అతికి ఉన్నాయి. పన్నెండేళ్ళలో రెండొందల మందికి ఈ పాఠం చెప్పానంది. కాసేపు తనని ఒంటరిగా వదిలెయ్యమంది. ఆ సాయంత్రం ఇంట్లో అత్తయ్య చేతులు ఊపలేదు, నా దుప్పట్లకి వంక పెట్టలేదు. మా ఆయన మళ్ళీ డాక్టర్ని కనుక్కుంటానన్నాడు.

శనివారం రీడింగ్ రూము కిటికీలకి బైండింగ్ గదిలోని గోధుమరంగు కాయితాలు అంటించారు. గది నిండిపోయింది. టీచరు లేచి, ఉపన్యాసం కాయితాలు మడిచి సంచిలో పెట్టేసింది. లైబ్రరీ ప్రతిలో ఒక ఫారం చోటు మారిందనీ, ఆ సంగతి తనకి నిన్ననే తెలిసిందనీ చెప్పింది. వాక్యం సగంలో తెగితే పుస్తకం విప్పి చూడాల్సింది పోయి, పన్నెండేళ్ళు దాన్ని పొగిడానంది. ఎవరు కుట్టారో మాత్రం చెప్పలేదు. దాచేసింది. అత్తయ్య నా పక్కనే హాయిగా కూర్చుని ఉండిపోవచ్చు. నేను చెయ్యి పట్టుకున్నాను కూడా.

"కుట్టింది నేనండీ," అని లేచి నిలబడింది.

అప్పుడు వెనక నుంచి సర్వేయరు, అయితే నా మ్యాపు సంగతేంటమ్మా అని దిగాలుగా అడిగాడు. ముందు నవ్వింది టీచరే. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇక గదంతా ఘొల్లుమంది. ప్రిన్సిపాల్ కడుపు పట్టుకుని నవ్వి, క్లాసు ఉంటుంది, ముందు సినిమా వెయ్యండి అన్నాడు.

సినిమాలో తాత మంగలి కుర్చీలో కూర్చుని, చెవుల వెనక ఇంకాస్త తియ్యమన్నాడు. జనం నవ్వారు. ముందు ఏం జరగబోతోందో తెలిసిన మేం పదకొండు మందిమీ, టీచరూ నవ్వలేదు. అత్తయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. టోపీ ఫ్రిజ్జు మీద పెట్టేదాకా వదల్లేదు.

బయటికొచ్చాక టీచరు అత్తయ్యని పక్కకి పిలిచింది. జిరాక్సు కాయితాలతో తనకొక పుస్తకం కుట్టిపెట్టమంది, పాత వరసలోనే. ఇన్నేళ్ళూ దానితో కాపురం చేశాను, అదిక లేదంటే తోచడం లేదంది. అత్తయ్య సరేనంది.

రెండు నెలల తర్వాత రిటైర్మెంటు సభలో లైబ్రేరియను మాట్లాడుతూ, ఇరవయ్యెనిమిదేళ్ళలో తారుమారైంది ఒకే ఒక్క పుస్తకం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది అత్తయ్యే.

మొన్న దుప్పట్లు సర్దుతుంటే ఆవిడ అలమరలో అదే నవల కనిపించింది, నీలం గుడ్డ అట్టతో. టీచరు కోసం ఒకటి కుట్టినప్పుడు తనకీ ఒకటి కుట్టుకుందన్నమాట. తెరిచి చూస్తే టీచరు పుస్తకంలా లేదు, సరైన వరసా కాదు. ఆరో ఫారం తీసుకెళ్ళి పుస్తకం చిట్టచివర పెట్టింది. ఇదేంటత్తయ్యా, మళ్ళీ తప్పు కుట్టారని అడిగాను. అయిదు వేళ్ళూ మొగ్గలా ముడిచి నా మొహం ముందు ఊపింది.

"ఇది లైబ్రరీది కాదు, నాది," అంది.

చివరి పేజీలో వాన లేదు, టోపీ లేదు. పదహారు పేజీల కబుర్ల తర్వాత మంగలి భుజం మీది వెంట్రుకలు దులుపుతున్నాడు, తాత అద్దంలో చూసుకుంటూ ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. వాక్యం సగంలో తెగిపోయింది. దాని తర్వాత అత్తయ్య ఒక తెల్ల కాయితం కుట్టింది.