ఐదు నివేదికలు, ఒక బట్టమేక పిట్ట

ఐదు నివేదికలను ఒక్కటి చేసిన మొనగాణ్ణి నేనే. ఇప్పుడెవరూ అడగడం లేదు గానీ, అడిగితే ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. నా జీవితంలో తెలివితక్కువ పనులు చాలానే చేశాను. వాటిలో శాలువా కప్పించుకున్నది మాత్రం ఇదొక్కటే.

కర్నూలులో మాదొక చిన్న ఆఫీసు. జిల్లాలో ఏ పిట్ట, ఏ చెట్టు ఎంత మిగిలిందో పైకి రాసి పంపడం మా పని. మన దేశం పరాయి దేశాలతో కలిసి సంతకాలు పెట్టిన ఒప్పందాలు బోలెడు. జీవవైవిధ్యానికి ఒకటి, వలస జాతులకు ఒకటి, చిత్తడి నేలలకు ఒకటి, ఎడారి అయిపోతున్న నేలలకు ఒకటి, అడవి జంతువుల వ్యాపారాన్ని అదుపు చేయడానికి ఒకటి. ఒక్కోదానికి ఒక్కో నివేదిక. ఢిల్లీ రాష్ట్రాన్ని అడుగుతుంది, రాష్ట్రం జిల్లాను అడుగుతుంది, జిల్లా నన్ను అడుగుతుంది. జీవవైవిధ్యం సంగతేమో గానీ మా ఆఫీసులో జీతవైవిధ్యానికి కొదవ లేదు. పర్మినెంటు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు, దినకూలీ. నేను రెండో జాతివాణ్ణి. నా కింద అడగడానికి మిగిలింది ఒకే ఒక్క దినకూలీ మనిషి.

ఆయన కాపలా కాసేది కోసిగి వైపు ఒక గడ్డి బీడును. ఒకప్పుడు అక్కడ బట్టమేక పిట్టలు తిరిగేవి. మనిషి నడుము ఎత్తుండే పిట్ట, ఎగరడం చేతనైనా నడకే ఇష్టపడే పిట్ట. వాటిని లెక్కపెట్టడమే ఆయన పని. పంట చేతికొచ్చినా రాకపోయినా వాళ్ల ఊళ్లో సగం మంది గుంటూరు వైపు మిరప కోతలకు మూటలు కడతారు. ఈ కాపలా పని ఉన్నందుకే ఆయనా, ఆయన భార్యా ఏడాది పొడుగునా సొంతింట్లో పొయ్యి వెలిగించుకోగలిగారు. వలస పోకుండా ఉండటమే ఆ ఊళ్లో పెద్ద హోదా.

నెలకోసారి ఆయన నోటుపుస్తకం కాగితాలు చించి పంపేవాడు. పాత ఫారాల్లో 'క్షేత్ర పరిశీలన' అని ఒక గడి ఉండేది. ఆ కాగితాలను దాని వెనక పిన్ను కొట్టి పెట్టాలి. కొట్టేవాణ్ణి. పిన్నులు చాలా బాగా కొడతానని నాకు పేరుండేది.

ఐదు ఫారాలూ ఒకే బీడు గురించి ఐదు రకాలుగా అడిగేవి. ఒకదానికి ఎకరాలు కావాలి, ఇంకోదానికి హెక్టార్లు. ఒకటి పిట్ట పేరు శాస్త్రీయంగా అడిగితే మరొకటి స్థానికంగా అడిగేది. చిత్తడి నేలల ఫారం వచ్చినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఆ మండలంలో వీధి కొళాయి కింద తప్ప చిత్తడి ఎక్కడ? దేవుడు తినడని తెలిసీ నైవేద్యం పెడతాం, ఎవరూ చదవరని తెలిసీ నివేదిక పంపుతాం. దేవుడికైనా ఒక పళ్లెం చాలు, వీళ్లకు ఐదు పళ్లాలెందుకని నాకు అనిపించింది. అదే సమయానికి పైనుంచి కూడా నివేదికల భారం తగ్గించే ఉపాయాలు పంపమని ఉత్తరం వచ్చింది.

నెలరోజులు కూర్చొని ఉమ్మడి ఫారం తయారు చేశాను. ఐదింటిలోనూ ఉన్నవాటిని ఉంచాను, ఏ రెండింటికీ పొత్తు కుదరనివాటిని తీసేశాను. 'క్షేత్ర పరిశీలన' ఒక్కో ఫారంలో ఒక్కోలా ఉండేది, కంప్యూటర్‌కు లొంగలేదు. తీసేశాను. సంఖ్య గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు పోనంది. దానికీ విరుగుడు కనిపెట్టాను. కొత్త లెక్క రాకపోతే పోయిన నివేదికలోని లెక్కే వచ్చి కూర్చుంటుంది. ఎవరో ఎప్పుడో రాసిన ఆ లెక్క మూడు, ఏటా నేను దాన్నే చూసి ఎక్కించేవాణ్ణి.

మా సారు మురిసిపోయారు. మా ఆఫీసుకు ఆయనే పెద్ద, మొదటి జాతి మనిషి. ఢిల్లీ సభలో ఆయన దాన్ని తెరమీద చూపించి మెమెంటో తెచ్చుకున్నారు. నాకు ఇక్కడే ఆఫీసులో శాలువా కప్పారు. ఏప్రిల్ నెలలో శాలువా. ఆ తర్వాతి వారం నన్ను పిలిచి, "లెక్క దానంతటదే వస్తాంటే లెక్కపెట్టేవాడు ఎందుకప్పా?" అన్నారు.

అది ప్రశ్న అనుకొని జవాబు వెతుక్కుంటున్నాను. ఆయన అప్పటికే ఉత్తరం చెప్పడం మొదలుపెట్టారు. కాపలా మనిషిని పనిలోంచి తీసేసిన ఉత్తరాన్ని టైపు చేసింది నేనే. అందులో ఒక్క అక్షరం తప్పు పోలేదు.

మరుసటి ఏడాది మిరప కోతల కాలంలో, ఉమ్మడి ఫారం ఎలా నడుస్తోందో చూడటానికి ఢిల్లీ నుంచి ఒక బృందం వస్తున్నట్టు కబురొచ్చింది. బీడు కూడా చూస్తారట. సారు నన్ను పిట్టను చూపించే ఏర్పాటు చేయమన్నారు. నేను సిగ్గు చంపుకొని కాపలా మనిషికి ఫోను చేశాను. ఆయన గుంటూరు దగ్గర ఏదో చేలో ఉన్నాడు. పక్కన ఎవరో మిరప ఘాటుకు దగ్గుతూనే ఉన్నారు.

"అన్నా, ఢిల్లీవాళ్లు వస్తాండారు. ఒక్క దినం వచ్చి పిట్టను చూపిచ్చల్ల."

"ల్యానిదాన్ని ఎట్ల చూపిచ్చేది సారూ? ల్యాదు ల్యాదని అన్నేండ్లు రాసి పంపిస్తి గదా."

"ల్యాదని రాస్తే నీ పనే పోతాదని తెలీదా నీకు?"

"ఎందుకు తెలీదు? మా ఆడమనిషి తిట్టింది గూడా, ఊరికే మూడని రాసి పారెయ్, దుడ్లన్నా వస్తాయని. మూడు యాడుండాయి సారూ? నేనేమన్నా ఇంట్లో పెంచుకుంటాండానా?"

దగ్గే మనిషికి నీళ్లియ్యమని ఎవరికో కేకేశాడు. తర్వాత ఆయన, "నేను రాసిండేది నువ్వన్నా సదివినావా అప్పా?" అన్నాడు.

అంతవరకూ సారూ అన్న మనిషి ఆ ఒక్క మాటకు మాత్రం అప్పా అన్నాడు. చదివానని చెప్పి ఫోను పెట్టేశాను.

ఆ మధ్యాహ్నం బీరువా తెరిచి, నేను పిన్ను కొట్టిన కాగితాలన్నీ మొదటిసారి చదివాను. 'ఈ దినం సుట్టూ తిరిగినా. ల్యాదు. కుక్కలు ఉండాయి.' 'ల్యాదు. పడమటి పక్క ఎవరో దున్నినారు.' 'ఒకటే ఉండాది. ఆడదో మొగదో తెలీల్యా. నన్ను సూసి గూడా కదల్యా.' దాని తర్వాత ఉండాది అన్న మాట మళ్లీ లేదు. నెల తర్వాత నెల, ల్యాదు. ప్రతి ల్యాదుతోనూ ఆ మనిషి తన పొయ్యి తానే ఆర్పుకుంటూ వచ్చాడు. తీరా ఆయన పని పోయింది ఆ నిజం వల్ల కాదు, ఆయన కాగితాలు చదవకుండా నేను పంపిన మూడు అనే అబద్ధం వల్ల.

బృందం వచ్చింది. నలుగురిలో పెద్దావిడ ఒకరు, చేతిలో దుర్భిణి. జీపులోనే సారు ఆమెకు మూడు పిట్టల సంగతి చెప్పేశారు. ఆమె చూద్దామన్నారు. సారు నావైపు చూపించి, మావాడు చూపిస్తాడన్నారు.

ఇలాంటప్పుడు చెప్పడానికి మా దగ్గర ఒక పాత మాట ఉంది. ఎండకు అవి అవతలి పక్కకు పోయి ఉంటాయని. చెప్తే అందరూ టీ తాగి వెనక్కి తిరుగుతారు. నేను చెప్పలేదు. జీపు దిగి నడవడం మొదలుపెట్టాను. ఆమె నా వెనకే వచ్చారు. ఆమె వస్తున్నారు కాబట్టి సారు కూడా రాక తప్పలేదు. గంట గడిచింది. గడ్డిముళ్లు సారు సాక్సుల నిండా దిగాయి, పాలిష్ బూట్లు ఎర్రమట్టి రంగుకొచ్చాయి. ఆయన నా పక్కకు వచ్చి మోచేత్తో పొడిచి, "అవతల పక్కకు పోయినాయని చెప్పప్పా" అన్నారు గొంతు తగ్గించి.

"అవతల పక్క కూడా చూద్దాం సార్" అన్నాను, గొంతు తగ్గించకుండా.

అవతలి పక్క చూశాం. దాని అవతలి పక్క కూడా చూశాం. కుక్కలు కనిపించాయి, దున్నిన చేలు కనిపించాయి. ఎండ నడినెత్తికొచ్చాక పెద్దావిడ ఆగి, ఫైలు తీసి సారు చేతికిచ్చి, ఇవాళ చూసినది చూసినట్టు రాయమని మర్యాదగా అడిగారు. జీపు బానెట్ మీద కాగితం పెట్టుకొని మా సారు సున్నా చుట్టారు. అది సరిగ్గా గుండ్రంగా కూడా రాలేదు.

ఉమ్మడి ఫారంతో ఒక చిక్కుంది. ఏమీ మారనంత కాలమే ఐదు ఒప్పందాలూ ఒక్కమాట మీద ఉంటాయి. మూడు సున్నా అయ్యేసరికి ఐదూ మళ్లీ ఐదు దారులు పట్టాయి. ఎప్పుడు పోయాయని ఒకటి, ఎందుకు పోయాయని ఒకటి, ఎవరైనా పట్టి అమ్మారా అని ఒకటి, నేల ఏమైందని ఒకటి, నీళ్లేమయ్యాయని మరొకటి. అదీ బీడును స్వయంగా చూసిన పర్మినెంటు అధికారి తన చేత్తో రాయాలని నియమం. రెండో జాతివాడు పనికిరాడు. నా జాతి తక్కువైనందుకు నేను సంతోషించిన రోజు అదొక్కటే.

పక్షి లేదని తేలాక ఇక కాపలా ఎందుకని పైనుంచి అన్నారు. ఆయనకు పని తిరిగి రాలేదు. ఫోను చేసి చెబితే, "తెలిసిందే గదప్పా" అని మాత్రం అన్నాడు. చదివానని మొదటిసారి చెప్పింది అబద్ధమనీ, ఇప్పుడు నిజంగానే చదివాననీ చెప్పాను. మంచిదన్నాడు.

మళ్లీ వచ్చిపడ్డ ఐదు ఫారాలనూ సారు బల్లమీద వరసగా పరిచి, పక్కనే కాపలా మనిషి కాగితాల కట్ట పెట్టాను. సారు మొదటి ఫారం తెరిచి, పేజీలు తిప్పి, తలపట్టుకొని, పోయినసారిది చూసి ఏదో ఒకటి రాసి పెట్టమని బతిమాలారు.

"పోయినసారి దాంట్లో పిట్ట ఉండాది గదా సార్" అన్నాను.

ఆయన కట్ట విప్పి మొదటి కాగితం చదవడం మొదలుపెట్టారు. నేను బయటికొచ్చి, వరండా బెంచీ మీద ఆయన కనిపించేచోట కూర్చొని టీ చెప్పాను. సాయంత్రం దాకా ఆయన రాస్తూనే ఉన్నారు. నేను మూడు టీలు తాగాను, మూడింట్లోనూ చక్కెర ఎక్కువ వేయించుకొని.