కోడిపిల్ల డాక్టరమ్మ

పోయిన నెల చొప్పదండిలో మా చెల్లె ఇంటికి వెళ్లినప్పుడు ఒక చిన్న సంగతి చూశాను. పురిటికి వచ్చిన మేనకోడలు స్నానానికి వెళ్లింది, జలుబుతో ముక్కు బిగుసుకుపోయిన చంటివాడు ఏడుస్తున్నాడు, డాక్టరు రాసిచ్చిన చుక్కల మందు పోయాల్సిన వేళయింది. మా చెల్లె ఆ సీసా పట్టుకుని గడప దాటి, పక్కింటి ముస్లిం పెద్దమ్మను, అందరూ ఖాలా అని పిలిచే ఆమెను, పిలుచుకొచ్చి ఆమె చేత పోయించింది. మేనకోడలు తల తుడుచుకుంటూ వచ్చి, తన తల్లినీ నా ముఖాన్నీ చూసి నవ్వింది. "అవ్వ మాకు గూడ ఎన్నడు మందు పోయలే మామా. చెయ్యి వణుకుతదట."

నాకు నవ్వు రాలేదు. ఆ చెయ్యి ఎప్పటినుంచి వణుకుతున్నదో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

మా చిన్నప్పుడు బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు, మేము నస్పూరులో క్వార్టరులో ఉండేవాళ్లం. నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, అప్పుడు ఇంటింటికీ గ్యాసు ఎక్కడిది, పొద్దుగూకేసరికి ప్రతి క్వార్టరు ముందూ ఒక బొగ్గుల పొయ్యి రాజుకునేది. పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసుకున్న పొయ్యి అది. అంటించగానే చిక్కటి పసుప్పచ్చ పొగ లేచి వాడంతా కమ్ముకునేది, అందరం దగ్గేవాళ్లం, దగ్గుతూనే ఆడుకునేవాళ్లం. ఆ పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాకే పొయ్యిని లోపలికి తెచ్చుకోవాలి, లేకుంటే ఊపిరాడదు. ఈ నియమం బడికి పోని పిల్లలకు కూడా తెలుసు, నాకైతే మా అవ్వ, అంటే అమ్మ, రోజూ చెప్పేది.

ఆ చలికాలం మా పెరట్లో కోడి పొదిగిన పిల్లల్లో ఒకటి జబ్బు పడ్డది. మిగతావి తల్లి వెంట పరుగెత్తుతుంటే అది ఈకలు ఉబ్బించుకుని, నోరు తెరిచి, మెడ ముందుకు సాచి ఊపిరి తీసేది, దగ్గరికి పోతే గొంతులో గురగురమని వినపడేది. అది బతకదని అవ్వ తేల్చేసింది. చెల్లె మాత్రం, అప్పుడింకా పలకాబలపంతో బడికి పోయేది, దాన్ని బాపు పాత బనీనులో చుట్టి గంపలో పెట్టుకుంది. నా ఇంకు ఫిల్లరు అడిగి తీసుకుని, నీలం పోయేదాకా కడిగి, దాంతో తులసి రసం ఒక్కొక్క చుక్కే దాని ముక్కు పక్కనుంచి నోట్లోకి జారవిడిచేది. మింగిందో లేదో చూసి మరో చుక్క. అంత ఓపిక పెద్దవాళ్లలో కూడా నేను చూడలేదు. పిల్ల కాస్త తేరుకుని నూకలు పొడవడం మొదలుపెట్టింది కూడా.

ఆ సాయంత్రం చలి ఎక్కువగా ఉంది. అవ్వ కూరగాయలకు పోతూ, పిల్లను వెచ్చగా ఉంచుమని చెల్లెకూ, పొయ్యి చూసుకొమ్మని నాకూ చెప్పిపోయింది. చెల్లె నీళ్ల కోసం నల్లా దగ్గరికి పోయినప్పుడు నేను పిల్లను చూశాను, వణుకుతోంది. పొయ్యి ఇంకా పొగలోనే ఉంది. ఎర్రబడేదాకా ఆగబుద్ధి కాలేదు, పొయ్యి చెవులు పట్టి దాన్ని లోపలికి తెచ్చి, గంప పక్కన పెట్టి, చలిగాలి రాకుండా తలుపు మూసి, ఆటకు పోయాను. నేనూ దాన్ని బతికించాలనే అనుకున్నాను, అది నిజం.

నేను తిరిగి వచ్చేసరికి చెల్లె వాకిట్లో కూర్చుని ఉంది, ఒళ్లో పిల్ల, చేతిలో ఫిల్లరు. నీళ్లు తెచ్చి లోపలికి పోయి చూస్తే అది నోరు తెరిచి కొట్టుకుంటున్నదట, పొగ సంగతి తోచక బయటికి ఎత్తుకొచ్చి ఉన్న రసమంతా పోసిందట. అప్పటికే మెడ వాలిపోయింది. అవ్వ వచ్చి తడిసిన ముక్కును చూసింది.

"మందు ఎక్కువ పోసినవ్ బిడ్డా. ఊపిరాడక సచ్చింది."

చెల్లె ఏడ్చింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. డ్యూటీ దిగి వచ్చిన బాపు మూసుకుపోయి ఉన్న తలుపు తీసి, దగ్గి, పొగలో ఉన్న పొయ్యినీ నన్నూ మార్చి మార్చి చూసి, పొయ్యి బయట పెట్టుమని మాత్రం అన్నాడు. ఆయనకు అర్థమైందో లేదో నేను ఎన్నడూ అడగలేదు, ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

అప్పటినుంచి మా ఇంట్లో ఆమె పేరు కోడిపిల్ల డాక్టరమ్మ. ఎవరికి జ్వరం వచ్చినా, డాక్టరమ్మను పిలువుర్రి, ఒక్క చుక్కతోటి బాధ తీరుస్తది అని నవ్వేవాళ్లు. ఆ కథను అందరికన్నా ఎక్కువసార్లు చెప్పింది నేనే. ఆమె పెళ్లిలో మా బావకు కూడా చెప్పి, జర జాగ్రత్త బావా అన్నాను. ఆమె కూడా నవ్వింది. నవ్వింది కాబట్టి ఏమీ లేదనుకున్నాను.

చొప్పదండిలో ఆ పూట చెల్లె గోంగూర తెంపుతుంటే పక్కన కూర్చుని పొయ్యి సంగతంతా చెప్పాను. జబ్బుపిల్ల కాబట్టి ఎట్లాగైనా చచ్చేదేమో అనే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆమె చేతిలోని కాడకున్న ఆకంతా తెంపి చేటలో వేసింది.

"గీ మాట గప్పుడే చెప్తే, నా పిల్లలకు నా చేతులతోనే పోసుకునేదాన్ని గదనే అన్నా."

తర్వాతి వేళకు మందు సీసా తనే తెచ్చింది. గీత దాకా చుక్కలు తీసి, మనుమడి మీదికి వంగి, మళ్లీ లేచి, గొట్టం నా చేతిలో పెట్టింది. నేనే పోశాను.

తిరిగి వస్తూ నస్పూరులో దిగి మా పాత క్వార్టర్ల వైపు పోయాను. పొద్దుగూకుతోంది. ఒక్క గడప ముందు కూడా పొయ్యి లేదు, ఆకాశం తేటగా ఉంది, అక్కడ ఆడుతున్న పిల్లలకు ఆ పసుప్పచ్చ పొగ ఎట్లా ఉండేదో చెప్పినా తెలియదు. ఎన్నటికీ పోదనుకున్న పొగ మా కళ్లముందే పోయింది.

నిన్న మేనకోడలికి ఫోను చేశాను. పిల్లవాడికి జలుబు తగ్గిందట, ఇప్పుడు బలానికి చుక్కలు పోస్తున్నారట. ఎవరు పోస్తున్నారని అడిగాను. ఖాలానే అని చెప్పింది.